సొంతంగా ప్యానెల్ పనులు చేసేవాళ్లు రోజు రేటు, పని గంటలు ఎలా ఖాయం చేసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: భీమవరం దగ్గర ఉంటారు. కంపెనీ ఉద్యోగం మానేసి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, ఐస్ ప్లాంట్లు, చెరువుల దగ్గర ఎలక్ట్రికల్ ప్యానెళ్ల పని, పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటరు) రిపేర్లు సొంతంగా చేస్తున్నారు. రోజుకు 2,500 అని చెప్పారు. పొద్దున్న ఎనిమిదికి గేటు లోపలికి వెళ్తే రాత్రి తొమ్మిదికి గానీ వదలడం లేదు. రేటు ఎంతకు పెంచాలి అని.

రేటు సంగతి తర్వాత చూద్దామండి. రోజు అంటే ఎన్ని గంటలో మీరు చెప్పలేదు కాబట్టి వాళ్లే చెబుతున్నారు. ఎనిమిది నుంచి తొమ్మిది అంటే పదమూడు గంటలు, అన్నానికి అరగంట తీసేస్తే పన్నెండున్నర. 2,500 ని పన్నెండున్నరతో భాగిస్తే గంటకు 200. మీరు మనసులో వేసుకున్న లెక్క ఎనిమిది గంటలకు, గంటకు 312. రేపు మీరు 3,500 అన్నా గంటలు కట్టకపోతే ఆ ప్లాంటు మేనేజరు ఇంకో రెండు మోటార్లు చూసి వెళ్లమంటాడు, అంతే. డబ్బు పెంచేముందు గంటలు కట్టాలి.

మన వైపు వాడుక ప్రకారం చెప్పడమే మంచిది, అందరికీ తేలిగ్గా ఎక్కుతుంది. ఉదయం 8:30 నుంచి సాయంత్రం 5 వరకు, మధ్యలో అన్నానికి అరగంట, అది ఒక రోజు. అంటే ఎనిమిది గంటల పని. మధ్యాహ్నం ఒంటిగంట లోపు వదిలేస్తే ఒక పూట. గంటలు గేటు దగ్గర మొదలై గేటు దగ్గర ముగుస్తాయి. ప్యానెల్ తలుపు తీసినప్పటి నుంచి లెక్కపెడితే మీకు నష్టం. పెద్ద ప్లాంట్లలో సెక్యూరిటీ రిజిస్టరు, హెయిర్ నెట్టు, గమ్ బూట్లు, చేతులు కడుక్కోవడం, పర్మిట్ కాగితం, ఇవన్నీ అయ్యేసరికి ముప్పావుగంట పోతుంది. ఆ ముప్పావుగంట మీ సరదాకి పోయింది కాదు.

ఒక పూటకి సగం రేటు తీసుకోకండి. పొద్దున్న పూట ఒక చోట పని చేసి మధ్యాహ్నం ఇంకో ఊళ్లో పని దొరకడం తక్కువ, చాలాసార్లు మిగతా పూట ఖాళీయే. అందుకని పూటకు రోజు రేటులో 60 శాతం.

ఇప్పుడు రేటు. చాలామంది చేసే లెక్క: కంపెనీలో నెలకు 40 వేలు ఇచ్చేవారు, 26 తో భాగిస్తే 1,540, దానికి కొంచెం కలిపి 2,500 అందాం. ఇది తప్పు. కంపెనీలో ఖాళీగా కూర్చున్న రోజుకూ జీతం వచ్చేది, మీటరు వాళ్లది, సెలవు వాళ్లది, పీఎఫ్ వాళ్లు కట్టేవారు. ఇప్పుడు అవన్నీ మీ నెత్తి మీదే. కాబట్టి ఏడాదిలో నిజంగా బిల్లు వేయగలిగే రోజులెన్నో ముందు తేల్చుకోవాలి.

365 లో ఆదివారాలు 52 పోతే 313. పండగలు, పెళ్లిళ్లు, చావులు కలిపి ఇరవై వేసుకోండి, మన జిల్లాల్లో అంతకంటే తక్కువ అవదు: 293. జ్వరాలు, ఇంట్లో ఆసుపత్రి పనులు పది: 283. వాన, తుఫాను, చెరువులు ఎండబెట్టుకునే రోజులు, రొయ్య ధర పడి ఎవరూ ఖర్చు పెట్టని రోజులు కలిపి నలభై అయిదు: 238. రోజులను అసలు తినేసేవి ఇంకా ఉన్నాయి. కొటేషన్లు ఇవ్వడం, సామాను కోసం విజయవాడ వెళ్లడం, బాకీ వసూళ్లకు తిరగడం, ఉత్తినే చూసి రావడం. వారానికి ఒక రోజు చొప్పున 48 తీయండి. తేలింది 190 రోజులు.

ఖర్చు వైపు, ఉదాహరణకి: ఇంటికి నెలకు 40 వేల చొప్పున 4,80,000. బండి, పెట్రోలు నెలకు 7 వేల చొప్పున 84,000. క్లాంప్ మీటరు, మెగ్గర్, క్రింపింగ్ టూలు, ల్యాప్‌టాప్, పీఎల్‌సీ కేబుళ్లు అరిగేది ఏడాదికి 36,000. ఆరోగ్య బీమా, ప్రమాద బీమా 30,000. ఫోను, ఆడిటరు 20,000. రాని బాకీలకు 60,000 (ఇది వేసుకోని వాడు ఈ పనిలో రెండో ఏడాది ఉండడు). పీఎఫ్ బదులుగా పొదుపు 90,000. మొత్తం ఎనిమిది లక్షలు. 190 తో భాగిస్తే 4,210. కాబట్టి 4,200 అనుకోండి. మీ అంకెలు వేరుగా ఉంటాయి, ఇంటి ఖర్చు 30 వేలే అయితే రేటు ఇంకో ఆరు వందలు తగ్గుతుంది. మీ అంకెలతో ఒకసారి కాగితం మీద వేసుకోండి, అప్పుడు బేరంలో ఎంత దిగొచ్చో, ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

దీని ప్రకారం గంటకు 525. పూటకు 2,500 చిల్లర. ఎనిమిది గంటలు దాటాక గంటకు ఒకటిన్నర రెట్లు, 790 అనుకుందాం. మీ పదమూడు గంటల రోజుకు ఇది వేసి చూడండి: 4,200, ఆ పైన నాలుగున్నర గంటలకు 3,555, మొత్తం 7,755. ఈ అంకె చెప్పగానే మేనేజరు "అయితే మిగతాది రేపు చూద్దాంలే" అంటాడు. ఆ మాట కోసమే ఈ రేటు. పన్నెండు గంటలు దాటి ప్యానెల్ ముందు నిలబడడం డబ్బుకు మించిన ప్రమాదం. ఆర్, వై, బి (మూడు ఫేజుల) తీగలు తారుమారు చేసేది, ఆఫ్ చేశామనుకుని ఆన్‌లో ఉన్న బస్‌బార్ (ప్యానెల్లో కరెంటు పారే లోహపు పట్టీ) మీద చెయ్యి వేసేది ఆ వేళకే.

ఫ్యాక్టరీలో ఓవర్‌టైముకు చట్టప్రకారం రెట్టింపు ఇవ్వాలి కదా అని కొందరు వాదిస్తారు. అది అక్కడ ఉద్యోగిగా ఉన్నవాడికి. మీరు బయటి కాంట్రాక్టరు, మీకు చట్టం అంటే మీరు రాసుకున్న షరతులే. రాసుకోలేదంటే ఏమీ లేనట్టే.

రాత్రి పిలుపుల రేటు విడిగా ఉండాలి. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున అట్టడుగుకు పడిపోతుంది. ఆ వేళలో ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి ఎక్కించే మోటార్లు) ఆగాయంటే రైతుకు పంట మొత్తం పోయే గండం, కాబట్టి రాత్రి రెండు గంటలకు ఫోను వస్తుంది. రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు ఒకటిన్నర రెట్లు, కనీసం నాలుగు గంటలు, అంటే 3,150. అయిదు నిమిషాల్లో ఫ్యూజు మార్చి వచ్చినా అంతే. మర్నాడు మీ పగలు పాడైపోతుంది, ఆ ఖరీదు అది. కానీ బండి తీసేముందు ఫోన్లో రెండు ప్రశ్నలు అడగండి: అన్నీ ఆగాయా, ఒక వరస మాత్రమేనా? జనరేటరు మీద ఆడుతున్నాయా? అన్నీ ఆగితే సప్లై గానీ ఇన్‌కమర్ (ప్యానెల్ మెయిన్ స్విచ్) గానీ. జనరేటరు మీద ఆడి కరెంటు మీద ఆడకపోతే ఒక ఫేజు పోయి ఉండొచ్చు, అది లైన్‌మన్ పని, మీరు వెళ్లి చేసేదేమీ లేదు. ఒక వరసే ఆగితే ఆ స్టార్టరో, ఆ కేబులో. చాలా రాత్రులు ఇలా ఫోన్లోనే తేలిపోతాయి. దీనికి డబ్బు అడిగితే మన దగ్గర ఎవరూ ఇవ్వరు, అడగొద్దు కూడా. నెలవారీ ఒప్పందం ఉన్నవాళ్లకే రాత్రి ఫోను ఎత్తుతానని చెప్పండి, అక్కడ వసూలవుతుంది.

ఇంకో మాట. రాత్రిపూట సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటార్లు ఆపే పరికరం) పదే పదే మోటార్లు ఆపేస్తుంటే రైతు "దాన్ని తీసేసి డైరెక్టు కలిపెయ్యండి" అంటాడు. కలిపితే తెల్లారేలోపు మోటార్లు కాలతాయి, బిల్లు మీ మీదకు వస్తుంది. మూడు ఫేజుల వోల్టేజి కొలిచి, ఫోటో తీసి, పని చిట్టాలో (దాని సంగతి కింద చెబుతాను) "బైపాస్ చేయమన్నారు, చేయలేదు" అని రాసి సంతకం పెట్టించండి.

ప్రయాణం లెక్క మన లంకల ప్రాంతంలో కిలోమీటర్లతో తేలదు. నరసాపురం నుంచి సఖినేటిపల్లి ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. పంటు (నది దాటించే పడవ) ఆడితే ఒక లెక్క, గోదావరికి వరద వచ్చి పంటు ఆపేస్తే చించినాడ వంతెన మీదుగా చుట్టి రావాలి. అందుకని దూరానికీ సమయానికీ విడివిడిగా పెట్టుకోండి. పాతిక కిలోమీటర్ల లోపు రేటులోనే కలిసిపోతుంది. ఆపైన మోటార్‌సైకిలుకు కిలోమీటరుకు 6 రూపాయలు, రెండు వైపులా. వెళ్లడానికి గంట దాటితే, దాటిన సమయానికి గంట రేటులో సగం, అంటే గంటకు 260. పంటు టికెట్టు వాళ్లదే. అటు రాజోలు, అమలాపురం వైపు ఒకే పూట పనికి ఒప్పుకోకండి. రోజు పని పోగుపడ్డాకే వస్తానని చెప్పండి, లేదా రోజు రేటే తీసుకోండి.

ఖాళీగా కూర్చోబెట్టిన సమయం అసలు పోట్లాటంతా తెచ్చేది. ప్లాంటులో లైను ఆపుతామని పిలుస్తారు, మీరు వెళ్లేసరికి రొయ్య లోడు వచ్చిందని ఆపరు. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి పని చేసుకోమనే అనుమతి) దొరకదు. స్పేర్ కాంటాక్టర్ (మోటారును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) కోసం మనిషిని పంపామంటారు. ఈ కారణాల్లో ఏదీ మీది కాదు కాబట్టి గేటు లోపల ఉన్న గంట ప్రతిదీ పని గంటే. మీరు మర్చిపోయిన పనిముట్టు కోసం మీరే వెళ్లి వస్తే ఆ గంట తీసేయండి. ఇలా మీవైపు తప్పులు మీరే తీసేస్తే మిగతావి అవతలివాళ్లు వాదించరు. రావద్దని ముందురోజు సాయంత్రం 6 లోపు చెబితే ఏమీ లేదు. ఆ తర్వాత చెబితే సగం రోజు.

దీనికంతటికీ ఆధారం పని చిట్టా. నకలు వచ్చే చిన్న పుస్తకం, కార్బన్ పేపరు చాలు. అందులో రాయాల్సినవి: తేదీ, గేటు లోపలికి వచ్చిన సమయం, బయటికి వెళ్లిన సమయం, కూర్చోబెట్టిన సమయం కారణంతో సహా, చూసిన లోపం, మూడు ఫేజుల వోల్టేజి, ఆంపియర్లు, వేసిన సామాను, తీసేసిన సామాను ఎవరికి అప్పగించారో, చివర షిఫ్ట్ సూపర్‌వైజర్ సంతకం, పేరు. బయటికి వచ్చేముందే సంతకం, ఆ పేజీ ఫోటో ఆ రాత్రే వాట్సాప్‌లో మేనేజర్‌కు. నెలాఖరున బిల్లుతో పాటు పంపితే "ఆ రోజు మీరు మూడింటికే వెళ్లిపోయారు కదా" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. మర్నాడు పంపితే ఎవరూ అనరు.

షరతులు కూడా పెద్ద ఒప్పందపత్రం అక్కర్లేదు. మొదటిసారి పిలిచినప్పుడే ఈ మాత్రం మెసేజి పెట్టి, "సరే" అని జవాబు వచ్చాకే బయల్దేరండి:

"నమస్కారమండి. రేపు వస్తాను. రోజు 8:30 నుంచి 5, రేటు 4,200. ఆపైన గంటకు 790. పూట 2,500. రాత్రి 10 తర్వాత పిలుపు కనీసం 3,150. గేటు నుంచి గేటుకు లెక్క. హెల్పర్, సామాను వేరు. బిల్లు ఇచ్చిన 15 రోజుల్లో చెల్లింపు. సరేనంటే చెప్పండి."

హెల్పర్ విడిగా అని రాయడం మర్చిపోవద్దు. మీ 4,200 లోంచి అతని కూలి ఇస్తే మీ రేటు అక్కడికక్కడే అయిదో వంతు పోతుంది. పైగా అతనికి దెబ్బ తగిలితే బాధ్యత మీది. బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకు ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా వచ్చే ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన ఉంది, హెల్పర్‌కు అది కట్టి ఉందో లేదో చూసుకోండి. అది చాలదు, కానీ అదైనా లేకుండా పైకెక్కించకండి.

ఐస్ ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీల కంప్రెసర్ గదులకు నేనైతే పాతిక శాతం ఎక్కువ వేయమంటాను. అమోనియా రాగిని తినేస్తుంది. కాంటాక్టర్ టెర్మినళ్లు, లగ్గులు (కేబులు చివర బిగించే లోహపు ముక్కలు) ఆకుపచ్చగా, నీలంగా పొడి పట్టి ఉంటాయి. ఒకటి బిగిద్దామని పట్టుకుంటే పక్కది విరుగుతుంది. రెండు గంటలనుకున్నది ఆరు గంటలవుతుంది. ఇలాంటి చోట గుత్తకు (పని మొత్తానికి ఒకే మొత్తం) ఒప్పుకున్నారంటే మునిగినట్టే. ప్లాంటు ఆపరేటరు తోడు లేకుండా ఆ గదిలోకి వెళ్లనని కూడా షరతులో రాయండి.

గుత్త ఎప్పుడు, రోజు రేటు ఎప్పుడు అనేది సులువే: లోపం వెతికే పని ఎప్పుడూ రోజు రేటుకే. లెక్కకు అందే కొత్త పని గుత్తకు ఇవ్వొచ్చు, పార్టీకీ (పని చేయించుకునేవారికీ) అదే ఇష్టం. పన్నెండు ఏరియేటర్లకు కొత్త స్టార్టర్ ప్యానెల్ అనుకోండి. బోర్డు మీద సామాను బిగించడం ఒక రోజు, వైరింగ్ రెండు రోజులు, టెస్టింగ్ పూట, చెరువు దగ్గర కేబుళ్లు కలిపి, ఓవర్‌లోడ్ రిలేలు మోటారు నేమ్‌ప్లేటు ఆంపియర్లకు సెట్ చేసి నడిపించడం రోజున్నర. అయిదు రోజులు, 21,000. హెల్పర్ 900 చొప్పున 4,500. మొత్తం 25,500. దీని మీద 20 శాతం అనుకోని ఖర్చులకు 5,100. గుత్త 30,600, సామాను కాకుండా. ఆ 20 శాతం లాభం అనుకోకండి. ఉప్పునీటి చెరువుల దగ్గర పాత కేబులు చివర్లు నల్లబడి ఉంటాయి, రెండడుగులు కోసి కొత్త లగ్గు వేయాలి, అక్కడికి పోతుంది. ఏవి గుత్తలో లేవో కూడా రాయాలి: స్తంభాలు, చెరువు గట్టు మీద కేబుల్ లాగడం, ఎర్త్ పిట్లు. రాయకపోతే అన్నీ మీవే.

సామాను పార్టీయే కొనుక్కుంటే మంచిది. మీరే తేవాల్సి వస్తే మొత్తం డబ్బు ముందే తీసుకోండి, తెచ్చినందుకు పది పదిహేను శాతం వేసుకోండి, దాచకుండా చెప్పే వేసుకోండి. మీ చేతిపనిలో లోపమైతే 30 రోజుల్లో ఉచితంగా వచ్చి సరిచేస్తానని చెప్పొచ్చు. వాళ్లు కొన్న సామాను, పిడుగు, వోల్టేజి తేడా అందులోకి రావు.

నెలవారీ ఒప్పందం అడిగేవాళ్లకు "ఎన్నిసార్లు పిలిచినా వస్తాను" అనే ఏఎంసీ (వార్షిక మెయింటెనెన్స్ ఒప్పందం) ఇవ్వకండి. ప్యానెల్ తలుపు రబ్బరు మార్చడానికి కూడా పిలుస్తారు. నెలకు ఇన్ని రోజులని అమ్మండి. ఉదాహరణకు నెలకు ఆరు రోజులు, రేటులో పది శాతం తగ్గింపు, డబ్బు నెల మొదట్లో, వాడని రోజులు తర్వాతి నెలకు మాత్రమే వెళ్తాయి. రైస్ మిల్లులకైతే సార్వా (ఖరీఫ్) కోతల ముందు, దాళ్వా (రబీ) కోతల ముందు రెండు విడతలుగా పెట్టండి, సీజన్ మధ్యలో మిల్లు ఆపనివ్వరు. సంక్రాంతి మూడు రోజులూ కొన్ని ప్లాంట్లు ఆగుతాయి కాబట్టి మెయింటెనెన్సుకు అప్పుడే పిలుస్తారు. భోగి, సంక్రాంతి, కనుమ రోజుల్లో రెట్టింపు అని ముందే రాసి ఉంచండి. ఎవరూ ఒప్పుకోకపోతే ఇంకా మంచిది. ఒకే ప్లాంటు మిమ్మల్ని నెలకు పాతిక రోజులు వాడుకుంటూ వాళ్ల షిఫ్టు ప్రకారం రమ్మంటుంటే అది కాంట్రాక్టు కాదు, పీఎఫ్ లేని ఉద్యోగం. అప్పుడు ఉద్యోగమే అడగండి.

పన్ను విషయం కొంచెం. కంపెనీలు టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపన్ను) పట్టుకుంటాయి. ఆదాయపన్ను చట్టంలో కాంట్రాక్టు పనుల సెక్షన్ 194సీ కింద పడితే వ్యక్తికి ఒక శాతం. ఒకే బిల్లు 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా పడుతుంది. పైన చెప్పిన 30,600 గుత్తకు 306 పోతుంది. కొందరు అకౌంటెంట్లు దీన్నే 194జె ప్రొఫెషనల్ ఫీజుగా రాసి పది శాతం, 3,060 పట్టేస్తారు. సామానుతో కలిపిన మామూలు మెయింటెనెన్స్ 194సీ కిందకి వస్తుందని 1995 నాటి 715వ నంబరు సర్క్యులర్‌లో ఉంది. నిపుణుడిగా సాంకేతిక సలహా ఇచ్చిన పని మాత్రం 194జె కిందకి వెళ్తుంది, అందులోనూ సాంకేతిక సేవలకు రెండు శాతమే. కాబట్టి బిల్లు మీద "కన్సల్టెన్సీ" అని గొప్పగా రాసుకోకండి, "ప్యానెల్ మెయింటెనెన్స్ పని" అని రాయండి. ఈ నంబర్లు పాత చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, అకౌంటెంటుతో మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోండి. పాన్ ఇవ్వకపోయినా, పాన్ ఆధార్‌తో కలపక పనిచేయకుండా పోయినా 20 శాతం పడుతుంది. పట్టుకున్నది తిరిగి రావాలంటే రిటర్ను వేయాల్సిందే.

జీఎస్టీ ఏడాది మొత్తం 20 లక్షలు దాటితే తప్పనిసరి. ఇక్కడ జారేది సామాను దగ్గర: మీ చేతి మీదుగా కొని బిల్లు వేసిన సామాను కూడా ఆ 20 లక్షల్లో కలుస్తుంది. సరుకు మాత్రమే అమ్మేవాళ్లకున్న పెద్ద పరిమితి మీకు రాదు. ఎనిమిది లక్షల కూలి, పదమూడు లక్షల కాంటాక్టర్లు, కేబుళ్లు బిల్లు వేశారంటే దాటిపోయారు. సామాను పార్టీనే కొనుక్కోనివ్వమన్నది ఇందుకు కూడా.

వసూళ్లు. చెరువు రైతుతో 15 రోజుల గడువు నడవదు, "పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక" అంటాడు, అది నిజం కూడా. అలాంటివాళ్లకు సామాను డబ్బు ముందు, కూలిలో సగం పని అయిన రోజు, మిగతా సగం పట్టుబడికి లేదా ఫలానా తేదీకి, ఏది ముందైతే అది. ఆ తేదీ లేకపోతే వైరస్ వచ్చి పంట పోయిన రోజున మీ బాకీ కూడా పోయినట్టే. మళ్లీ పిలిచినప్పుడు పాతది తీర్చాకే కొత్త పని.

ప్లాంట్లకు వేరే దారి ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి, ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్లో ఉచితంగానే అవుతుంది, ఏజెంటుకు డబ్బు ఇవ్వక్కర్లేదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమగా నమోదైనవారికి 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాసుకున్న గడువు లోపల, ఎంత రాసుకున్నా 45 రోజులు మించకుండా చెల్లించాలి. గడువు ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. ఇంతకంటే అకౌంటెంటును కదిలించేది ఇంకొకటి ఉంది: 2023-24 నుంచి, గడువు దాటి బాకీ ఉంచిన మొత్తం చెల్లించేవరకు ఆ కంపెనీ ఖర్చుగా చూపుకోలేదు. మార్చి నెలలో ఈ మాట గుర్తుచేస్తూ బాకీ వివరాలు పంపండి, మేనేజర్‌కి కాకుండా అకౌంట్స్ విభాగానికి. అప్పటికీ రాకపోతే ఎంఎస్ఎంఈ బాకీల కోసం ఉన్న ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. రిజిస్ట్రేషన్ పనికి ముందే అయి ఉండాలి. బిల్లు ఆగిపోయాక పరిగెత్తి చేయించుకుంటే పాత బిల్లుకు అది పట్టడం కష్టం. నంబరు ప్రతి బిల్లు మీదా పైనే కనపడేలా వేయండి.

ఇప్పుడున్న పార్టీలకు 2,500 నుంచి 4,200 ఒక్కసారి చెబితే పోతారని భయం ఉంటుంది. వాళ్లకు ముందు గంటలు మాత్రం మార్చండి: రేటు అదే, కానీ 5 తర్వాత గంటకు 470. ఇది రెండు నెలలు నడిస్తే ఎవరు మిమ్మల్ని రాత్రిదాకా ఉంచేవారో వాళ్ల బిల్లే పెరుగుతుంది, అయిదింటికి వదిలేవాళ్లకు ఏమీ మారదు. కొత్తగా పిలిచేవాళ్లకు మొదటి రోజు నుంచే 4,200. పాతవాళ్లకు వచ్చే సార్వా సీజన్ నుంచి 3,300, ఆ తర్వాత దాళ్వాకు పూర్తి రేటు, నెల ముందే మెసేజితో.